ఫోన్ మాట్లాడుతూ గుద్దితే క్లెయిమ్ రాదా? అపోహలు - వాస్తవాలు

గుద్దిన కారు షెడ్డుకి చేరేలోపే ఓనరుకి ఎవరో ఒకరు సలహా ఇచ్చేస్తారు: "ఫోన్‌లో ఉన్నావని మాత్రం రాయకు, క్లెయిమ్ కొట్టేస్తారు." దయచేసి ఈ మాట నమ్మకండి. మీ ప్రైవేటు కారు పాలసీలో మినహాయింపుల పేజీ తీసి చదవండి. లైసెన్స్ లేకుండా నడపడం, తాగి నడపడం, సొంత కారుని కిరాయికి తిప్పడం లాంటివి ఉంటాయి. ఫోన్ మాట ఉండదు. మన పొరపాటు వల్ల కారుకి జరిగే నష్టం కూడా ఓన్ డ్యామేజ్ (పాలసీలో మన సొంత కారు నష్టానికి ఉండే భాగం) కిందికే వస్తుంది.

క్లెయిమ్‌ని చంపేది ఆ భయంతో రాసే అబద్ధం. స్టీరింగ్ పట్టింది కొడుకైతే ఫారంలో తండ్రి పేరు పెడతారు. ముందు కారుని గుద్ది, "కుక్క అడ్డొచ్చింది" అని రాస్తారు. బంపర్ నొక్కుకున్న తీరు, ఎత్తు, అంటుకున్న పెయింట్ చూస్తే దెబ్బ ఎలా తగిలిందో సర్వేయరుకి (నష్టం అంచనా వేసేవాళ్లకి) తెలిసిపోతుంది. ఎవరికైనా గాయాలై కేసయితే, దర్యాప్తు చేసే పోలీసు అధికారి 48 గంటల్లో ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునల్‌కి మొదటి నివేదిక పంపాలి. పాలసీ వివరాలు దొరికితే బీమా కంపెనీకీ అది వెళ్తుంది. పోలీసు కాగితంలో, ఆసుపత్రి రికార్డులో, మీ ఫారంలో డ్రైవర్ పేరు తేడాగా ఉంటే, తప్పుడు సమాచారం కింద మొత్తం క్లెయిమ్ తిరస్కరిస్తారు. నిజం రాసుంటే వచ్చే డబ్బు అది!

అందుకని కారు కదపకముందే నంబర్ ప్లేటు కనిపించేలా ఫోటోలు తీయండి. టైము, చోటు, నడిపినవాళ్ల పేరు, లైసెన్స్ నంబరు ఉన్నవి ఉన్నట్టు రాయండి. "ముందు కారు బ్రేక్ వేసింది, చూసుకోలేదు, వెనక నుంచి తగిలింది" అంటే చాలు. ఫోన్ గురించి అడిగితే దాచకండి. కింద ఆయిల్ కారుతున్నా ఇంటిదాకా నడుపుకొచ్చేస్తారు కొందరు. అలా పెరిగిన నష్టం పాలసీ షరతుల ప్రకారం మీదే, టోయింగ్ పిలవండి.

రెండో అపోహ, "చలాన్ కట్టేశాం, అయిపోయింది". అవ్వలేదు. 2019 సెప్టెంబర్ 1 నుంచి చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 (ప్రమాదకరంగా నడపడం) కిందికి వస్తుంది: మొదటిసారైతే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. స్టాండ్‌లో పెట్టిన ఫోన్‌లో మ్యాప్ చూడటం, ఏకాగ్రత చెడనంతవరకు, తప్పు కాదు. లైసెన్స్ తీసుకుని సస్పెన్షన్‌కి పంపే అధికారం కూడా పోలీసులకి ఉంది. సస్పెన్షన్‌లో ఉండగా గుద్దితే ఓన్ డ్యామేజ్ పోయినట్టే. బాధితులకి కట్టిన పరిహారాన్ని కంపెనీ తిరిగి ఓనరు దగ్గర వసూలు చేసే ప్రమాదమూ ఉంది. జీతానికి డ్రైవర్‌ని పెట్టుకున్నవాళ్లు తాళం ఇచ్చేముందు ప్రభుత్వ లైసెన్స్ వెబ్‌సైట్ సారథి పోర్టల్‌లో అతని లైసెన్స్ స్టేటస్ చూడండి.

మూడో అపోహ, చలాన్ పడితే ప్రీమియం పెరుగుతుందన్నది. అది అమెరికా నుంచి వచ్చిన మాట. కాలిఫోర్నియాలో 36 నెలల్లో రెండోసారి ఫోన్‌తో దొరికితే లైసెన్స్‌పై పాయింట్ పడుతుంది, దాంతో ప్రీమియం పెరగొచ్చు. మన దగ్గర బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ బృందం 2021లో అలాంటిదే ప్రతిపాదించినా దేశమంతటా అమలు కాలేదు. స్టాండ్‌లో పెట్టిన ఫోన్‌లో మ్యాప్ చూడటం, ఏకాగ్రత చెడనంతవరకు, తప్పు కాదు.

క్లెయిమ్ చేస్తే అసలు దెబ్బ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీద పడుతుంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000, మీ బోనస్ 50 శాతం అనుకోండి. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నా అయి, మళ్లీ ఏటా 20, 25, 35, 45 శాతం మెట్లు ఎక్కాలి. ప్రీమియం అంతే ఉంటే, ఐదేళ్లలో అదనంగా కట్టేది 6,000, 3,600, 3,000, 1,800, 600, మొత్తం 15,000. కారు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజంగా కొంత తగ్గొచ్చు. సిగ్నల్ దగ్గర మెసేజ్ చూస్తూ తగిలించిన బంపర్‌కి షెడ్డువాళ్లు 7,000 అంటే చేతినుంచి పెట్టుకోవడమే లాభం. క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే బోనస్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉంటే లెక్క మారుతుంది. ఎస్టిమేట్ అదే రోజు రాయించుకుని తేల్చుకోండి, ఆలస్యమైతే అదో పేచీ. అవతలివాళ్లకి గాయమైతే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, వెంటనే కంపెనీకి చెప్పండి.