నేల మీది మచ్చ పెట్రోలుదేనా?

ఇల్లు కాలిపోయాక నేల మీద వంకర్లు తిరిగిన నల్లటి మచ్చలు కనిపిస్తే, 'ఇక్కడ పెట్రోలో కిరోసినో పోశారు' అని అమెరికాలో చాలామంది దర్యాప్తు అధికారులు ఒకప్పుడు ఇట్టే తేల్చేసేవారు. మంట పైకే పోతుంది కదా, నేల కాలిందంటే ఏదో ఒలికించి ఉండాలన్నది వాళ్ల లెక్క. మంట మొదలైన తొలి నిమిషాల్లో అయితే ఆ లెక్క కొంతవరకు నిలుస్తుంది.

సోఫా అంటుకుందనుకోండి. వేడి పొగ లేచి సీలింగ్ కింద పేరుకుంటుంది. ఆ పొర 500–600 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి, నిప్పుల కుంపటిని తలకిందులుగా వేలాడదీసినట్టే. నేల మీద చదరపు మీటరుకు సుమారు 20 కిలోవాట్ల వేడి పడగానే తివాచీ, చెక్క, కాగితం దాదాపు ఒకేసారి భగ్గుమంటాయి. దీన్నే ఫ్లాషోవర్ అంటారు. అది దాటాక మంట గాలి అందే చోటే విజృంభిస్తుంది కాబట్టి తలుపు దగ్గరా, పగిలిన కిటికీ కిందా నేల లోతుగా కాలుతుంది. ఒక చుక్క ద్రవం పోయకపోయినా సరే.

1991లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఒక కేసు కోసం, కాలిన ఇంటి పక్కనే ఉన్న అలాంటి ఇంట్లో సోఫాకు నిప్పుపెట్టి చూశారు. నాలుగున్నర నిమిషాల్లోనే ఫ్లాషోవర్ వచ్చింది, నేల మీద 'పోసిన' మచ్చలూ పడ్డాయి. ప్రాసిక్యూషన్ కేసు ఉపసంహరించుకుంది. 2005లో లాస్‌వేగాస్‌లో రెండు గదులను ఫ్లాషోవర్ తర్వాత రెండు నిమిషాలపాటు కాలనిచ్చి, మంట ఏ మూల మొదలైందో చెప్పమని 53 మంది దర్యాప్తుదారులను అడిగారు. ఒక్కో గదిలో సరిగ్గా చెప్పినవాళ్లు ముగ్గురే. నాలుగు మూలల్లో ఒకదాన్ని గుడ్డిగా చూపించినా పదముగ్గురికి తగలాలి!

అదే 1991 డిసెంబరు 23న టెక్సాస్‌లోని కోర్సికానాలో ఇల్లు కాలి ముగ్గురు పసిపిల్లలు చనిపోయారు. తండ్రి కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామ్‌కు మరణశిక్ష పడింది. జైల్లో తన దగ్గర నేరం ఒప్పుకున్నాడని ఒక ఖైదీ చెప్పిన సాక్ష్యం ఉంది కానీ, కేసు నిలబడింది కాలిన గుర్తుల మీదే. కిటికీ అద్దం మీది సాలెగూడులాంటి పగుళ్లను ద్రవం పోస్తే పుట్టే తీవ్రమైన వేడికి ఆనవాలన్నారు. నిజానికి అవి హఠాత్తుగా చల్లబడితే వస్తాయి: కాలుతున్న లాంతరు చిమ్నీ మీద నీళ్లు చిలికితే ఏమవుతుందో, ఫైరింజన్ నీళ్లు పడిన అద్దానికీ అదే అవుతుంది. గడప మీది అల్యూమినియం పట్టీ కరగడమూ రుజువే అన్నారు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, మామూలు ఇంటి మంట అంతకంటే చాలా వేడి.

మండే ద్రవం జాడ ప్రయోగశాలలో దొరికింది ముందు గుమ్మం దగ్గరి నమూనాలో మాత్రమే. ఆ వసారాలోనే బొగ్గుల గ్రిల్లు, దాన్ని వెలిగించే ద్రవం ఉండేవి. ఇలాంటి పరీక్షలో ఇంకో మెలిక ఉంది. తివాచీలోని ప్లాస్టిక్ కాలితే పెట్రోలు, కిరోసిన్‌లలో ఉండేలాంటి హైడ్రోకార్బన్లనే వదులుతుంది, అందుకే అనుమానం లేని చోటి నుంచి పోలిక నమూనా కూడా తీయాలి. గాలి చొరబడని లోహపు డబ్బాలో పెట్టాలి. మామూలు పాలిథిన్ సంచిలోంచి ఆవిర్లు జారిపోతాయి.

రసాయన శాస్త్రవేత్త జెరాల్డ్ హర్స్ట్ ఈ లోపాలన్నీ రాసిన నివేదిక శిక్షకు ముందే అధికారులకు అందింది. అయినా 2004 ఫిబ్రవరి 17న విల్లింగ్‌హామ్‌కు విషపు ఇంజెక్షన్ ఇచ్చారు. దాదాపు ఇలాంటి గుర్తులతోనే టెక్సాస్‌లో మరణశిక్ష పడిన ఎర్నెస్ట్ విల్లిస్ కేసును కూడా హర్స్ట్ పరిశీలించాడు. విల్లిస్ అదే ఏడాది అక్టోబరులో విడుదలయ్యాడు.