ఖాళీ గడి, కొటేషన్ గుర్తు: ఇన్సర్ట్ క్వెరీలపై అపోహలు - వాస్తవాలు

బరంపురంలో దుకాణాల ఖాతాదారుల వివరాలను కాగితపు రిజిస్టర్ల నుంచి డేటాబేస్‌లోకి ఎక్కించడం మా పని. అలా కొత్త వరుసను చేర్చే ఎస్‌క్యూఎల్ ఆదేశమే ఇన్సర్ట్ క్వెరీ. ఇంటిపేరు రాయనివారు, ఫోన్ లేనివారు, పేరును తెలుగులోనో ఒడియాలోనో మాత్రమే రాసినవారు ఏ పేజీ తిప్పినా కనిపిస్తారు కనుక, కొత్తగా పనిలో చేరినవారి అపోహలు త్వరగానే బయటపడతాయి.

అపోహ: వివరం లేనప్పుడు ఖాళీ కొటేషన్లు పెట్టినా, నల్ (విలువ లేదని చెప్పే గుర్తు) అని రాసినా ఒకటే.

వాస్తవం: ఒరాకిల్ డేటాబేస్ సున్నా పొడవున్న స్ట్రింగ్‌ను (టెక్స్ట్ విలువను) నల్‌గానే చూస్తుంది కనుక అక్కడ ఇది చెల్లుతుంది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లలో మాత్రం ఖాళీ స్ట్రింగ్ కూడా ఒక విలువే. ఫోన్ లేనివారిని ఈజ్ నల్ షరతుతో వెతికితే ఖాళీ కొటేషన్లతో ఎక్కించిన వరుసలు రావు. పైగా, ఫోన్ కాలమ్‌ను కౌంట్ చేస్తే వారంతా ఫోన్ ఉన్నవారి లెక్కలో చేరిపోతారు. ఆ కాలమ్‌కు యూనిక్ నిబంధన (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్నది) ఉంటే రెండో ఖాళీ స్ట్రింగ్ దగ్గరే ఇన్సర్ట్ ఆగిపోతుంది, నల్‌లు ఎన్ని ఉన్నా మామూలుగా ఇబ్బంది రాదు. ఇక నల్‌ను కొటేషన్ల మధ్య పెడితే అది ఉత్త పదమే; ఖాతాదారుకు 'నల్' అనే ఇంటిపేరుతో రసీదు అందుతుంది.

అపోహ: నల్ ఇస్తే కాలమ్‌కు ముందే నిర్ణయించిన డిఫాల్ట్ విలువ దానంతటదే వచ్చి చేరుతుంది.

చేరదు. కాలమ్ పేరును ఇన్సర్ట్‌లోని కాలమ్‌ల జాబితాలోంచి తీసేయాలి, లేదా డిఫాల్ట్ అనే కీవర్డ్ రాయాలి.

అపోహ: అంకెలకు కొటేషన్లు అక్కర్లేదు.

వాస్తవం: ధరకూ పరిమాణానికీ అక్కర్లేదు. బరంపురం ఎస్టీడీ కోడ్ 0680ని కొటేషన్లు లేకుండా రాస్తే, టెక్స్ట్ కాలమ్‌లోకి కూడా 680గానే వెళ్తుంది. కూడికలూ తీసివేతలూ చేయని అంకెలను టెక్స్ట్‌గానే రాయాలన్నది నా అభిప్రాయం.

అపోహ: డి'సౌజా వంటి పేరు క్వెరీని విరగ్గొడుతుంది కనుక మధ్యలోని గుర్తును తీసేయాలి.

వాస్తవం: ఒకరి పేరు మార్చే అధికారం డేటా ఎక్కించేవారికి లేదు. ఆ గుర్తును రెండుసార్లు, 'డి''సౌజా' అని రాస్తే సరిపోతుంది. ప్రోగ్రామ్ నుంచి పంపేటప్పుడు మాత్రం విలువలను క్వెరీలో అతికించకుండా పారామీటర్లుగా (క్వెరీ నుంచి విడిగా) ఇవ్వడమే సరైన పద్ధతి. అప్పుడు కొటేషన్ల గొడవ ఉండదు, పైథాన్ భాషలో విలువ లేదని చెప్పే నన్ తానే నల్‌గా మారుతుంది, విలువ రూపంలో ఆదేశాలు చొప్పించే ఇంజెక్షన్ దాడికీ దారి మూసుకుపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో చేత్తో క్వెరీ రాసేవారు తెలుగు, ఒడియా పేర్ల కొటేషన్‌కు ముందు ఎన్ అనే ఆంగ్ల పెద్దక్షరం తప్పక పెట్టాలి. లేకుంటే కాలమ్ ఎన్‌వార్‌చార్ (అన్ని లిపులనూ ఉంచగల రకం) అయినా సాధారణ కొలేషన్‌లలో (అక్షరాల అమరిక నియమాలలో) పేరంతా ప్రశ్నార్థకాలుగా మిగులుతుంది, దాన్ని మళ్లీ రిజిస్టర్ చూసి ఎక్కించుకోవలసిందే.