మానసిక వార్డులో బెడ్, ప్రభుత్వ బీమా: అపోహలు - వాస్తవాలు

మనిషి మూడు రోజులుగా నిద్రపోలేదు, అన్నం ముట్టలేదు, అడ్డొచ్చినవాళ్లమీద చెయ్యి చేసుకుంటున్నాడు. అర్ధరాత్రి ఆటోలో క్యాజువాలిటీకి తెస్తారు. చేతులు తువ్వాలుతో కట్టి ఉంటాయి. ఆధార్, రేషన్ కార్డు ఇంట్లోనే ఉండిపోతాయి. వార్డుకు చేరడం ఆలస్యమయ్యేది చాలాసార్లు ఇక్కడే.

అపోహ: బీమా కార్డు గుండెకు, కిడ్నీకే గానీ మనసు జబ్బుకు పనికిరాదు.

వాస్తవం: ఆయుష్మాన్ భారత్‌లో మానసిక వ్యాధులకు ప్రత్యేక ప్యాకేజీలున్నాయి. పరిమితి కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. జబ్బు పదేళ్ల నాటిదైనా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. అయితే ఆస్పత్రిలో చేరితేనే, ఓపీకి రాదు.

ఆపరేషన్‌కైతే మొత్తం ఒకేసారి మంజూరవుతుంది. మానసిక వార్డులో మాత్రం రోజుల లెక్క. కాబట్టి అనుమతి వచ్చిందనగానే నిశ్చింతగా ఉండొద్దు. ఎన్ని రోజులకు వచ్చిందో ఆస్పత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి, గడువు ముగియక ముందే పొడిగింపు పెట్టించండి.

అపోహ: గేటు దగ్గర పథకం బోర్డుంటే ఆ ఆస్పత్రిలో చేర్చుకుంటారు.

వాస్తవం: ఆస్పత్రులకు అనుమతి విభాగాలవారీగా ఇస్తారు. ఎముకల విభాగానికి ఉన్నచోట సైకియాట్రీకి ఉండకపోవచ్చు. పథకం మొదలైనప్పుడు మానసిక ప్యాకేజీలను ప్రభుత్వ ఆస్పత్రులకే కేటాయించారు. అందుకే ముందు ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలలు, లేదా దగ్గర్లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ సైకియాట్రీ వార్డు చూడండి. ప్రైవేటుకు వెళ్లేముందు "సైకియాట్రీ అడ్మిషన్ ఈ పథకం కింద తీసుకుంటారా?" అని ఫోన్లో సూటిగా అడగండి.

కేసు షీటు రాసే జూనియర్ డాక్టర్లకు ఒక మాట. "ప్రవర్తన బాగోలేదు, అడ్మిట్ చేశాం" అని రాసి పంపిన ఫైలు ప్రశ్నలతో వెనక్కి రావడం ఖాయం. వ్యాధి పేరు, ఎన్నాళ్లుగా, నిద్ర తిండి ఎలా ఉన్నాయి, తనకు గానీ ఇతరులకు గానీ ఏం ప్రమాదం, ఇదివరకు ఏ మందు ఎంత మోతాదులో వాడారు, ఇంట్లో ఉంచి వైద్యం ఎందుకు కుదరదు - ఈ ఆరూ రాయండి. ఈ ఆరు వివరాలు లేక పేద కుటుంబం బయట మందులు కొనుక్కోవడం అన్యాయం.

అపోహ: కార్డు లేనివాళ్లకు దారి లేదు.

వాస్తవం: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 18వ సెక్షన్ ప్రకారం దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, కార్డు ఉన్నా లేకున్నా, ఇల్లు లేనివారికి కూడా ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే మానసిక వైద్యసంస్థల్లో చికిత్స ఉచితం. బీమా కాగితాలు పూర్తి కాలేదని అడ్మిషన్ ఆపకూడదు.

అపోహ: ఒప్పుకోని మనిషిని చేర్పించాలంటే పోలీసు లెటరో, కోర్టు ఆర్డరో కావాలి.

వాస్తవం: 1987 నాటి చట్టంలో మేజిస్ట్రేటు ఉత్తర్వుల పద్ధతి ఉండేది. జనం మనసుల్లో అదే నిలిచిపోయింది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న 2017 చట్టంలో 89వ సెక్షన్ చాలు. కావలసినవి రెండు: నామినేటెడ్ ప్రతినిధి (రోగి తన తరఫున నిర్ణయాలకు ఎంచుకున్న మనిషి) దరఖాస్తు, చేర్చే రోజున గానీ అంతకు ముందు ఏడు రోజుల్లో గానీ ఇద్దరు వేర్వేరుగా చేసిన పరీక్ష. వారిలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి, రెండోవారు మామూలు వైద్యులైనా సరే. తనకో ఇతరులకో హాని, లేదా తన్ను తాను చూసుకోలేక ప్రమాదంలో పడే స్థితి - వీటిలో ఒకటుందని ఇద్దరూ నిర్ధారించాలి.

ప్రతినిధిని పెట్టుకోవడానికి స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద "నా తరఫున మా అక్క" అని రాసి సంతకమో వేలిముద్రో వేస్తే సరిపోతుంది. మనిషి కుదురుగా ఉన్నప్పుడే రాయించి ఆధార్ జిరాక్సుతో కలిపి పెట్టుకోండి. రాయకపోయి ఉంటే బంధువుకు ఆ హక్కు వస్తుంది.

ఊళ్లోనే పరిస్థితి చెయ్యిదాటితే పీహెచ్‌సీ డాక్టరైనా 94వ సెక్షన్ కింద 72 గంటల వరకు అత్యవసర చికిత్స ఇవ్వవచ్చు, పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటూ చేయవచ్చు. గొలుసులతో కట్టేయడాన్ని మాత్రం చట్టం పూర్తిగా నిషేధించింది.

అపోహ: ఒకసారి చేర్పిస్తే ఇక బయటికి రారు.

వాస్తవం: 89వ సెక్షన్ గడువు 30 రోజులే. అంతకు మించితే మళ్లీ ఇద్దరు సైకియాట్రిస్టుల పరీక్ష, మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు అనుమతి కావాలి.

అపోహ: ఈఎస్‌ఐ ఉన్న కార్మికుడు వార్డులో చేరితే జీతం పోతుంది.

వాస్తవం: ఈఎస్‌ఐ దీర్ఘవ్యాధుల జాబితాలో సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే తీవ్రమైన మానసిక వ్యాధి) ఉంది. రెండేళ్ల సర్వీసు, తగినన్ని చందా రోజులు ఉంటే వేతనంలో 80 శాతం చొప్పున సాయం వస్తుంది. సెలవు చీటీ మీద "జ్వరం" అని రాయించుకుంటే ఆ హక్కే పోతుంది. సిగ్గుపడి చాలామంది చేసే పొరపాటు ఇదే.

డిశ్చార్జి రోజున ఇంకొకటి చూసుకోవాలి. ఆయుష్మాన్ ప్యాకేజీలో ఇంటికెళ్లాక 15 రోజుల మందులు కలిసే ఉంటాయి. అవి చేతికి వచ్చాకే వార్డు దాటండి. పదహారో రోజు మందు ఏ ఆస్పత్రిలో, ఏ వారం, ఏ గదిలో ఇస్తారో డిశ్చార్జి షీటు మీదే రాయించుకోండి. మధ్యలో నిద్ర తగ్గడం మొదలైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.