కుక్క తప్పిపోతే, వీధి కుక్క వెంటపడితే: పర్లాకిమిడిలో వినే అపోహలు, వాస్తవాలు

పశువైద్యం చేసేవాణ్ణి కాబట్టి ఈ మాటలు నాకు రోజూ చెవినపడతాయి.

అపోహ: తప్పిపోయిన కుక్క వాసన పట్టుకుని అదే వస్తుంది, నాలుగు రోజులు చూద్దాం.

వాస్తవం: కొన్ని వస్తాయి. దీపావళి టపాసులకి బెదిరి గోడ దూకినది మాత్రం దారి చూసుకుని పరిగెత్తదు. ఏ తుప్పలోనో, లారీ కిందో నక్కుతుంది. పెంచినవాళ్లు పిలిచినా పలకకపోవచ్చు. అందుకే మొదటిరోజే వెతకాలి. కుర్రాళ్లంతా బైకులేసుకుని అరుస్తూ తరిమితే ఇంకా దూరం పోతుంది. దానికి బాగా అలవాటైన మనిషి ఒక్కరే తెల్లవారుజామున వెళ్లాలి. కనబడితే మీదికి వెళ్లకండి. పక్కకి తిరిగి కూర్చుని, అన్నం గిన్నె చప్పుడు చెయ్యండి. అది పడుకునే గోనెసంచి గుమ్మం బయట పరచండి.

మనకి ఇంకో చిక్కుంది. పర్లాకిమిడి ఒడిశాలో ఉంది, సరిహద్దు అవతల పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రాలో ఉంది. ఇక్కడివాళ్లు ఒడియాలో రాసి మన ఊరి వాట్సాప్ గ్రూపుల్లోనే పెడతారు. కుక్కేమో పాతపట్నం టీ బడ్డీ దగ్గర బిస్కెట్లు తింటూ ఉంటుంది. కాగితం ఒడియాలోనూ తెలుగులోనూ రాయించి రెండు ఊళ్లలోనూ అంటించండి. ఒక్క గుర్తు మాత్రం, అంటే విరిగిన పన్నో తోక కింద మచ్చో, రాయకుండా దాచుకోండి. "దొరికింది, ముందు డబ్బు పంపండి" అనేవాళ్లని అడగడానికి పనికొస్తుంది.

అపోహ: కుక్క చర్మం కింద చిప్ వేయిస్తే ఎక్కడుందో ఫోన్‌లో కనబడుతుంది.

వాస్తవం: కనబడదు. అందులో ఉండేది 15 అంకెల నంబరు. స్కానర్ పెడితేనే తెలుస్తుంది. మన ఊళ్లకి మెడపట్టీ మీద ఫోన్ నంబరే మేలు.

అపోహ: వీధి కుక్కని బండిలో వేసి అవతల వదిలేస్తే పీడ విరగడవుతుంది.

వాస్తవం: మనవాళ్లు అటు, అటువాళ్లు ఇటు వదులుకుంటూ పోతే ఎవరికి విరగడైనట్టు? చికెన్ కొట్టు వ్యర్థాలు అక్కడే పడి ఉంటాయి కాబట్టి ఖాళీ అయిన చోటికి టీకా లేని కొత్త కుక్కలు చేరతాయి. కుక్కల సంతాన నియంత్రణకి కేంద్రం తెచ్చిన 2023 నిబంధనల ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబీస్ టీకా చేసి పట్టిన చోటే వదలాలి. రేబీస్ ఉన్నవాటినీ, మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలొద్దని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలకూడదని అదే ఏడాది నవంబరులో ఆదేశించింది. కాబట్టి ఆటో మాట్లాడకండి, మున్సిపాలిటీకి అర్జీ పెట్టండి. చెవి కొసన కోత ఉందంటే ఎవరో హింసించారని కాదు, ఆపరేషన్ అయిందని గుర్తు.

ముసలిదైందని పెంపుడు కుక్కని వదిలేయడం జంతుహింస నివారణకి తెచ్చిన 1960 చట్టం కింద నేరమే. మొదటిసారికి జరిమానా 50 రూపాయలు దాటదు. ఇద్దరి టిఫిన్ ఖర్చుకి ఎవరు భయపడతారు?

అపోహ: పిల్లకుక్క గీరితే ఏం కాదు, సున్నం రాస్తే చాలు.

వాస్తవం: పిల్లకీ రేబీస్ ఉండొచ్చు. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. సున్నం, కారం, పసరు ఏవీ వద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. బొడ్డు చుట్టూ పొడిచే రోజులు పోయాయి. ఇప్పుడు జబ్బకే, చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు (0 అంటే మొదటి సూది వేసిన రోజు). రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ (రేబీస్‌ని వెంటనే అడ్డుకునే, గాయం దగ్గర వేసే మందు) సంగతి అడగండి. కుక్కని చంపకండి, 10 రోజులు కనిపెట్టి చూడండి. అలాగని ఆ పది రోజులు టీకా ఆపొద్దు. మొదటి సూది పాతపట్నంలో, రెండోది ఇక్కడ వేయించుకునేవాళ్లు చీటీ పారేయకండి. ఇక్కడి డాక్టరు మొదట అడిగేది అదే.