పొద్దున గట్టినేల, మధ్యాహ్నానికి బురద

చలికాలంలో మట్టిబాటల్ని పాడుచేసేది వాన అని అనుకుంటాం. మౌంటెన్ బైక్ మీద కొండవాలుల్లో తిరిగేవాళ్లలో చాలామంది లెక్క కూడా అదే. ఆకాశం చూసుకుని బయల్దేరతారు, వాన పడుతుంటే ఎటూ ఇల్లు కదలరు. చిక్కంతా వాన లేని రోజుతోనే. రాత్రి నేల గడ్డకట్టే చలి, పగలు చక్కటి ఎండ, పైగా సెలవు. సైకిల్ తీయడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదనిపిస్తుంది. బాటకు మాత్రం అంతకంటే చెడ్డ రోజు దొరకదు.

ఆ రోజు ఉదయం ఏడింటికి నేల మీద టైరు అచ్చు కూడా పడదు. పదకొండయ్యేసరికి అదే నేలలో చక్రం రెండు వేళ్ల లోతు దిగుతుంది. వారం రోజులుగా చినుకు పడకపోయినా ఇంతే. మరి ఈ నీరంతా ఎక్కడిది?

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుందని బడిలో చదువుకున్నదే. చలికి నేల పైకి లేవడానికీ అదే కారణమని ఒకప్పుడు అనుకునేవారు. అమెరికా భూగర్భ శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్ 1920ల చివర్లో ఆ మాటను ఒక చిత్రమైన ప్రయోగంతో పరీక్షించాడు. మట్టిని నీటితో కాక బెంజీన్‌తో తడిపి గడ్డకట్టించాడు. బెంజీన్ గడ్డకడితే ఉబ్బదు, కుంచించుకుపోతుంది. అయినా మట్టి ఉబ్బింది! అంటే అసలు సంగతి ఉన్న ద్రవం ఉబ్బడంలో లేదు, కొత్త ద్రవం వచ్చి చేరడంలో ఉంది. పైన గడ్డకడుతున్న పొర కింద ఉన్న తడిని సన్నటి రంధ్రాల గుండా పైకి లాక్కుంటుంది. ఆ తడి అక్కడే పలకలు పలకలుగా మంచైపోతుంది. ఇసుకలో రంధ్రాలు పెద్దవి కాబట్టి పైకి లాగే బలం తక్కువ. బంకమట్టిలో ఆ బలం బాగా ఉన్నా నీరు కదలడానికి దారి ఇరుకు. రెంటికీ నడిమధ్యన ఉండే ఒండ్రుమట్టిలో బలమూ ఉంది, దారీ ఉంది. కొండబాటల మీద తరచూ కనిపించేది ఇలాంటి కలగలుపు మట్టే.

అలా రాత్రిళ్లు లోపలి తడి పైకొచ్చి కూడబడుతుంది. పగటి ఎండ తగిలేది పై పొరకే. మూడు నాలుగు సెంటీమీటర్లు కరిగినా దాని కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది. కరిగిన నీటికి దిగువకు దారి ఉండదు. గట్టి అడుగు మీద పల్చటి జారుడు పొర, చలికాలపు బురదంటే ఇదే. వానాకాలపు బురద కంటే ఇది మోసకారి. చూడ్డానికి ఒక్కోసారి పొడిగానే కనిపిస్తుంది.

బురద అన్న మాటకు కచ్చితమైన కొలత కూడా ఉంది. 1911లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటర్‌బర్గ్ మట్టికి రెండు హద్దులు గీశాడు. తడి ఒక హద్దు దాటితే మట్టి పొడిపొడిగా రాలడం మానేసి, ఎలా నొక్కితే అలా ఒదుగుతుంది. ఇంకో హద్దు దాటితే ద్రవంలా పారుతుంది. మొదటిదాన్ని తేల్చే పరీక్షను ప్రయోగశాలల్లో ఇప్పటికీ చేత్తోనే చేస్తారు. చిటికెడు మట్టిని అరచేతి కింద దారంలా పేనుతారు. సుమారు 3 మిల్లీమీటర్ల సన్నానికి వచ్చినప్పుడు విరిగిపోతే సరిగ్గా హద్దు మీద ఉన్నట్టు. ఇంకా సన్నగా సాగుతుంటే హద్దు దాటినట్టు. బాట మొదట్లో సైకిల్ దిగి ఎవరైనా చేసుకోగల పరీక్ష ఇది. బంక శాతం ఎక్కువున్న చోట నన్నడిగితే వాతావరణ సూచన కంటే దీన్నే నమ్ముతాను.

హద్దు దాటిన మట్టి మీదికి చక్రం ఎక్కినప్పుడు ఏమవుతుందో చెప్పడానికి 1920ల్లో మట్టి బలాన్ని అధ్యయనం చేసిన ఇంజినీరు కార్ల్ టెర్జాగి వేసిన పునాది చాలు. నేలకు బలం వచ్చేది రేణువులు ఒకదానినొకటి ఒరుసుకుని నిలబడటం వల్ల. రంధ్రాలన్నీ నీటితో నిండినప్పుడు పైనుంచి బరువు పడితే, నీరు బయటికి జారుకునేదాకా ఆ బరువును మోసేది నీరే, రేణువులు కాదు. టైరు నేలకు తగిలే మేర సుమారు 10 సెంటీమీటర్లు అనుకోండి. సెకనుకు 5 మీటర్ల వేగంతో పోయే సైకిల్ ఒక చోటును తాకి ఉండేది సెకనులో యాభయ్యో వంతు. అంతలో బంకమట్టిలోని నీరు ఎక్కడికీ పోలేదు. రేణువుల పట్టు సడలుతుంది. మట్టి అణగకుండా పక్కలకు పొంగుతుంది. బ్రేకు గట్టిగా నొక్కి వెనక చక్రాన్ని ఈడ్చారంటే ఆ పట్టు పూర్తిగా తెగుతుంది.

అలా నడుమ గాడి, రెండు పక్కలా చిన్న గట్లు మిగులుతాయి. చూసినవాళ్లంతా గాడి గురించి బాధపడతారు కానీ, నాకు ఆ గట్లే పెద్ద శత్రువులుగా కనిపిస్తాయి. బాగా కట్టిన కొండబాట చదునుగా ఉండదు. లోయ వైపుకు సుమారు 5 శాతం వాలు ఇస్తారు. పైనుంచి దిగిన నీరు పల్చటి పొరగా బాటను అడ్డంగా దాటి గడ్డిలోకి పోవాలని ఆ ఏర్పాటు. వేలెడు ఎత్తు గట్టు చాలు, ఆ ఏర్పాటంతా వృథా. అడ్డంగా పోవాల్సిన నీరు ఇప్పుడు గాడి వెంబడి నిలువుగా పరుగెడుతుంది. పల్చగా పరుచుకున్న నీటికి నేల గరుకుతనం పెద్ద అడ్డు. గాడిలో అదే నీరు లోతు పెరిగి ఆ అడ్డును లెక్కచేయదు, వేగం పుంజుకుంటుంది. నీటి వేగం రెట్టింపైతే అది దొర్లించుకుపోగల రాయి బరువు సుమారు 64 రెట్లు అవుతుందన్నది 19వ శతాబ్దం నుంచీ ఉన్న లెక్క. కాబట్టి నష్టం చేసిన రోజున నష్టం కనబడదు. సైకిల్ కడిగి లోపల పెట్టేసిన తరువాత, తరువాతి వానల్లో, రాళ్లూ వేర్లూ తేలేదాకా నడుస్తుంది కోత.

అప్పుడు రెండో దశ మొదలవుతుంది. గాడిలో నీరు నిలిస్తే వచ్చినవాళ్లు పక్కనుంచి తొక్కుతారు, ఆ పక్కా బురదవుతుంది, ఇంకాస్త పక్కకు జరుగుతారు. రెండడుగుల బాట బండిబాటంత వెడల్పవుతుంది. అంచున ఉన్న మొక్కలు పోతాయి, మట్టిని పట్టి ఉంచే వేర్లు పోతాయి.

ఇక్కడ సైకిల్‌వాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. న్యాయమైన ప్రశ్నే. బురదలో నడిచేవాళ్లు లేరా, గుర్రాలు లేవా, మమ్మల్నే ఎందుకు అంటారు? అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో జాన్ విల్సన్, జోసెఫ్ సీనీ చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. బాటను ముందే తడిపి, మనుషుల్ని, గుర్రాల్ని, సైకిళ్లని, మోటారు సైకిళ్లని దాని మీద నడిపి, కృత్రిమ వాన కురిపించి కొట్టుకొచ్చిన మట్టిని కొలిచారు. చక్రాల కంటే కాళ్లూ గిట్టలే ఎక్కువ మట్టిని వదులు చేశాయి. కాబట్టి సైకిల్‌ను పుట్టుకతో దోషి అనడం కుదరదు. అయితే ఆ కొలత చిన్న చిన్న మడుల్లో తీసింది. అడుగు వేసిన చోట గుంట పడుతుంది, నీరు అందులో నిలుస్తుంది. చక్రం గీసేది తెగని గీత. వాలు పొడవునా తెగని గీత నీటికి కాలవ. ఈ తేడా మడిలో తేలేది కాదు. బురద రోజున కాలినడకన వెళ్లేవాళ్లూ వెనక్కి తిరగాల్సిందే, గుర్రాలు మరీను. ఆ మాట ముందుగా ఒప్పుకుంటే తప్ప సైకిల్‌వాళ్లు మన మాట వినరు, వినకపోవడంలో తప్పూ లేదు.

వినిపించడం ఎలా అన్నదానికి ఒక మంచి ఆధారం సైకిళ్లతో సంబంధం లేని చోట దొరుకుతుంది. అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ పార్కులో సందర్శకులు శిలగా మారిన కలప ముక్కలు ఎత్తుకుపోతుంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీనీ బృందం అక్కడ వేర్వేరు బోర్డులు పెట్టి చూసింది. ఫలితాలు 2006లో ప్రచురించారు. ఇప్పటికే ఎందరో ఎత్తుకుపోయి అడవిని మార్చేశారని వాపోయిన బోర్డు దగ్గర, గుర్తులు పెట్టి ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయమయ్యాయి. దయచేసి తీయవద్దని సూటిగా చెప్పిన బోర్డు దగ్గర 2 శాతం కూడా పోలేదు. అందరూ చేస్తున్నారని మొత్తుకుంటే, అందరూ చేసేదే కదా అని వినిపిస్తుంది. పాడైన బాటల ఫొటోలు పెట్టి ఎందరు తొక్కారో చూడండని తిట్టే అలవాటున్న సైకిల్ సంఘాలు ఈ ఫలితాన్ని గోడకు అంటించుకోవాలి.

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో బోయిజీ నగరాన్ని ఆనుకున్న కొండపాదాల్లో రిడ్జ్ టు రివర్స్ అనే ట్రెయిళ్ల (కొండబాటల) వ్యవస్థ ఉంది. అక్కడ చలికాలానికి చెప్పే నియమం పొట్టిది: మీ వెనక అచ్చులు పడుతుంటే వెనక్కి తిరగండి. నేరస్థుడెవరన్న చర్చ లేదు, ఉష్ణోగ్రత పట్టిక లేదు, నడిచేవాళ్లకూ తొక్కేవాళ్లకూ అదే మాట. నేల గడ్డకట్టి ఉన్న పొద్దుటి వేళ రమ్మంటారు, ఇసుక పాలు ఎక్కువై తడిలోనూ తట్టుకునే ట్రెయిళ్లు ఏవో చెబుతారు. నాకు నచ్చింది ఆ చివరి పనే. కాళ్లు ఊరుకోని మనిషికి వద్దన్న మాట ఒక్కటే ఇస్తే ఎంతకాలం ఆగుతాడు? ఇసుకనేల, రాతిబాట, ఎండ నేరుగా పడి త్వరగా ఆరిపోయిన వాలు, ఏదీ లేకపోతే తారురోడ్డు, ఏదో ఒకటి చేతికివ్వాలి. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు వాలు ముందు ఆరుతుంది, ఉత్తరం వైపుది గడ్డకట్టే ఉంటుంది. అందువల్ల ఒకే కొండ మీద మధ్యాహ్నం ఒక వైపు ఫరవాలేదు, ఇంకో వైపు కూడా ఫరవాలేదు, రెండూ కలిసే చోట మాత్రం బురద. కొత్తవాళ్లు దొరికిపోయేది అక్కడే.

దొరికిపోతే, బురద పక్కనుంచి తప్పించుకోవాలని చూడకండి. దిగి, సైకిల్ భుజాన వేసుకుని, బాట నడుమనే నడిచి గట్టినేల దాకా వెళ్లండి. గాలి తగ్గించిన వెడల్పు టైర్లున్నాయి కదా అన్న ధైర్యం మంచు మీద పనికొస్తుంది, కరిగిన బంకమట్టి మీద కాదు. ఇక చైనుకూ బేరింగులకూ ఆ బురద సానపొడి లాంటిది. బాట మీద ప్రేమ లేనివాళ్లకు కనీసం ఆ ఖర్చైనా చెప్పి చూడొచ్చు.