ఇరుసులో దాచిన పదో దెబ్బ

పాత తుపాకులంటే మోజున్న ఇద్దరిని ఒకచోట కూర్చోబెట్టి అమెరికా అంతర్యుద్ధం నాటి లెమాట్ రివాల్వర్ మాట ఎత్తితే చాలు, ముందున్న కాఫీ చల్లారిపోతుంది. దాని కాలానికి అంత తెలివైన పిస్తోలు మరొకటి లేదని ఒకరంటారు. మోయలేని బరువు, తీరని తంటా అని ఇంకొకరంటారు. నూట అరవై ఏళ్లుగా తెగని ఈ పేచీ అర్థం కావాలంటే ముందు ఆ తుపాకి కడుపులో ఏముందో చూడాలి.

మామూలు రివాల్వర్‌లో గుండ్లు నింపే సిలిండర్ ఒక సన్నని ఇరుసు మీద తిరుగుతుంది. శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంట్ పొందిన రివాల్వర్‌లోనూ అంతే. ఆ ఇరుసు సిలిండర్‌ను మోసేదే గానీ పేలేది కాదు. ఈ రివాల్వర్‌ను కనిపెట్టిన లెమాట్ దాన్ని బోలుగా చేసి మరో తుపాకి గొట్టంగా మార్చాడు. చుట్టూ తొమ్మిది అరలు, ఒక్కో అరలో ఒక్కో సీసపు గుండు. నడుమ 20 గేజ్ (గొట్టం వెడల్పును చెప్పే కొలత) నున్నటి గొట్టం, అందులో చిల్లర గుళ్లు. బండి చక్రమే కాక దాని ఇరుసు కూడా పేలుతుందన్నమాట. అప్పటి సైనిక కోల్ట్ ఆరు దెబ్బలిస్తే ఇది పదిచ్చేది.

ఇంత ఆలోచన చేసినవాడు తుపాకులు చేసే కమ్మరి కాదు, వైద్యుడు. ఝాన్ అలెగ్జాండర్ లెమాట్ ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికా దక్షిణ తీరంలోని న్యూ ఆర్లియన్స్‌లో స్థిరపడ్డాడు. 1856 అక్టోబరు 21న పేటెంట్ వచ్చింది. పేటెంట్ కాగితం ఉంటే సరిపోదు, డబ్బూ పలుకుబడీ కావాలి. ఆ రెండూ భార్య తరఫు బంధువు, సైన్యంలో ఇంజినీరుగా ఉన్న పియర్ బోరిగార్డ్ రూపంలో దొరికాయి. కొత్త సరుకుకు తొలి పెట్టుబడి చుట్టాల దగ్గర పుట్టడం ఒక్క మన ఊళ్లలోనే కాదు. తొలి నమూనాలను ఫిలడెల్ఫియాలోని జాన్ క్రైడర్ అనే తుపాకుల తయారీదారు చేసిపెట్టాడు.

అంతలో అమెరికా అంతర్యుద్ధం వచ్చిపడింది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దక్షిణ రాష్ట్రాలు విడిపోయాయి. 1861 ఏప్రిల్‌లో ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న ఫోర్ట్ సమ్టర్ కోట మీద ఫిరంగులు పేల్పించి యుద్ధం మొదలుపెట్టింది ఈ బోరిగార్డే. దాంతో ఉత్తరాదిన ఉన్న ఫిలడెల్ఫియా శత్రువుల ఊరైపోయింది. ఉత్తరాది నౌకలు దక్షిణ రేవులను దిగ్బంధించాయి. దక్షిణాదిలోనే తయారుచేద్దామంటే తగిన కార్ఖానాలు లేవు. లెమాట్ పారిస్ వెళ్లి షార్ల్ ఫ్రెడరిక్ ఝిరార్‌తో కలిసి ఉత్పత్తి మొదలుపెట్టాడు. తయారైన రివాల్వర్లు బ్రిటన్‌కు, అక్కడి నుంచి బెర్ముడాకు, ఆపైన దిగ్బంధాన్ని తప్పించుకునే ఓడల్లో దొంగచాటుగా దక్షిణాదికి చేరాలి.

పారిస్‌లో చేసిన వాటి గొట్టం మీద లెమాట్ పేరు పక్కన నాలుగు అక్షరాలు చెక్కి ఉంటాయి: ఎస్.జి.డి.జి. ‘ప్రభుత్వ పూచీ లేకుండా’ అని వాటి అర్థం. 1844 నాటి ఫ్రెంచి చట్టం ప్రకారం సరుకుపై పేటెంట్ మాట వేస్తే ఇదీ వేయాల్సిందే. లెమాట్ మీద ప్రత్యేకంగా అనుమానమేమీ లేదు. అయినా ఈ తుపాకి మీద ఆ మాట చదివినప్పుడు నవ్వు ఆపుకోవడం కష్టం.

నింపేటప్పుడు చూడాలి దీని సంబరం. తూటాల కాలం కాదది, విడి మందు నింపుకునే కాలం. ‘బ్లాక్ పౌడర్’ అనే ఇంగ్లీషు పేరును ఉన్నదున్నట్టు ‘నల్లమందు’ అంటే మనవాళ్లకు అభిని గుర్తొస్తుంది కాబట్టి తుపాకి మందు అనే అందాం. ఒక్కో అరలో మందు పోయాలి, గుండు పెట్టాలి, మీట నొక్కి దిగగొట్టాలి. ఒక అర నిప్పు పక్క అరకు పాకకుండా మూతికి కొవ్వు పూయాలి. వెనక, దెబ్బ తగిలితే నిప్పు రాజేసే చిన్న రాగి టోపీ తొడగాలి. ఇలా తొమ్మిదిసార్లు. ఆ తర్వాత నడిమి గొట్టానికి విడిగా మందు, గుళ్లు, వాటిని కూరడానికి వేరే పుల్ల, మరో టోపీ. పేల్చేటప్పుడు ఆ టోపీని కొట్టే హ్యామర్ ముక్కున ఉన్న చిన్న మడతముక్కను బొటనవేలితో కిందికి తిప్పితేనే దెబ్బ నడిమి గొట్టానికి తగులుతుంది. దౌడు తీసే గుర్రం మీద, పొగలో, ఆ ముక్క ఇప్పుడు పైకుందా కిందికుందా అని గుర్తుంచుకోవాలి.

బరువూ తక్కువ కాదు. ఖాళీగానే సుమారు 1.4 కిలోలు. కోల్ట్ 1860 సైనిక రివాల్వర్ దాదాపు 1.2 కిలోలే. అయితే సైనికుణ్ని అసలు ఏడిపించింది గుండు కొలత. అప్పటి సైనిక రివాల్వర్లలో ఎక్కువ భాగం .36 లేదా .44 అంగుళాలవి. లెమాట్ గుండు .42. పక్కవాడి సంచిలోని గుండ్లు దీనికి అక్కరకు రావు. సరుకు రవాణాయే గగనమైన సైన్యానికి ఇది పంటి కింద రాయి.

వ్యతిరేకుల చేతిలో ఇంకో గట్టి ఉదాహరణ ఉంది. దక్షిణాది రాష్ట్రమైన జార్జియాలో పత్తి జిన్నింగ్ యంత్రాలు చేసే శామ్యూల్ గ్రిస్వోల్డ్ కార్ఖానా కోల్ట్‌ను చూసి, ఉక్కు కొరత వల్ల ఇత్తడి చట్రంతో 3,500కు పైగా రివాల్వర్లు చేసింది. అందులో చెమటోడ్చినవారిలో ఎక్కువమంది బానిసలే. 1864 నవంబరులో ఉత్తరాది అశ్వికదళం తగలబెట్టేదాకా అది ఆగలేదు. లెమాట్‌లు మొత్తం కలిపి సుమారు 2,900. సముద్రం అవతలి నుంచి వచ్చిన తెలివి కంటే ఊళ్లో పోతపోసిన నకలే ఎక్కువ చేతుల్లోకి వెళ్లింది. బోరిగార్డ్, జెబ్ స్టూవర్ట్ లాంటి సేనాపతుల నడుముకు లెమాట్ వేలాడిన మాట నిజమే. సేనాపతికి గుండ్లు పోతపోసిపెట్టే మనుషులుంటారు, మామూలు రౌతుకు ఎవరున్నారు?

నా మటుకు నాకు నడిమి గొట్టాన్ని వెక్కిరించడం అన్యాయమనిపిస్తుంది. అది పొట్టిది, చిల్లర గుళ్లు కొన్ని అడుగుల దూరంలోనే పనిచేస్తాయి. కానీ శత్రువు ఓడ మీదికి దూకే నావికుడికి కావలసింది ఆ కొన్ని అడుగులే. దక్షిణాది నౌకాదళం ఇంకా చిన్న రకాన్ని, పాత తుపాకులు సేకరించేవారు ‘బేబీ లెమాట్’ అనేదాన్ని, కోరింది కూడా. చేతికొచ్చినవి మాత్రం బహు కొద్ది. మెచ్చుకునేవారు ఆ ఇరుసును చూస్తున్నారు, తిట్టేవారు గుండ్ల సంచిని చూస్తున్నారు. ఇద్దరూ ఒకే తుపాకి గురించి మాట్లాడుతున్నామనుకుంటారు.

యుద్ధం ముగిశాక తూటాలతో పేలే రకాలూ ఫ్రాన్స్‌లో వచ్చాయి గానీ అంతగా సాగలేదు. మళ్లీ ఇరవయ్యో శతాబ్దం చివర్లో ఇటలీలోని పియెట్టా సంస్థ సరదాగా కాల్చుకునేవారి కోసం లెమాట్ నకళ్లు మొదలుపెట్టింది. తొమ్మిది అరలు అలాగే ఉంచారు, నడిమి గొట్టమూ అలాగే ఉంది. గుండు కొలత మాత్రం .42 కాదు, ఎక్కడైనా దొరికే .44.