పనిచేస్తున్నదాన్ని ఎందుకు కొట్టేస్తారు?

బుజ్జీ, చిట్టీ,

మీ ఇద్దరికీ తాతయ్య ఆశీస్సులు. కంప్యూటర్ క్లాసులో రాసిన ప్రోగ్రామ్ బాగానే నడిచినా, కింద "దీన్ని ఇక వాడొద్దు, ముందుముందు తీసేస్తాం" అని వచ్చిందట కదా. "పనిచేస్తున్నదాన్ని ఎందుకు తీసేస్తారు తాతయ్యా?" అని బుజ్జి అడిగింది. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

ఈమెయిల్ సంగతే తీసుకుందాం. ఒకచోటి కంప్యూటర్ పంపిన ఉత్తరం ఇంకోచోటి కంప్యూటర్‌కి చేరాలంటే రెండూ ఒకే ఒప్పందం మీద ఉండాలి. ఆ ఒప్పందం పేరు ఎస్‌ఎంటీపీ. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ అనే అమెరికన్ దాన్ని రాసిపెట్టారు.

దాన్ని పెళ్లి సామాన్ల చీటీ అనుకోండి. మా నాయనమ్మ దగ్గర అలాంటిది ఒకటుండేది. ఎవరింట్లో పెళ్లయినా దాన్ని చూసి రాసుకుని పట్నంలో కొట్టుకి పంపేవాళ్లు. చూసి రాసే పని నాది. పసుపు కొమ్ములు, వక్కలు, కొబ్బరి బొండాలు, ఆఖర్న పెట్రోమాక్స్ లైట్లకి మేంటిళ్లు. మేంటిల్ మీరు చూసి ఉండరు. చిన్న జాలీ సంచి. లైటుకి కట్టి అంటిస్తే కాలి బూడిదవుతుంది, ఆ బూడిదే తెల్లగా వెలుగుతుంది. చల్లారాక వేలు తగిలిందా, రాలిపోతుంది. నేను దాని ముందు నుంచి కదిలేవాణ్ణి కాదు.

ఊరికి కరెంటొచ్చింది. అయినా చీటీలో ఉన్నాయి కాబట్టి కొట్టతను మేంటిళ్లు కట్టేవాడు, మనవాళ్లు డబ్బులిచ్చేవాళ్లు, అవి అటకెక్కేవి. నాయనమ్మ మాత్రం వెంటనే కొట్టేయనివ్వలేదు. "పక్క పల్లెలో ఇంకా కరెంటు లేదురా, వాళ్లూ ఈ చీటీయే రాసుకుంటారు" అంది. ముందు "కరెంటున్నవాళ్లకి అక్కర్లేదు" అని పక్కన రాయించింది. అడిగేవాళ్లే లేరని తేలాకే గీత గీయించింది. పాతవాటిని తీసేసేటప్పుడు అలా నలుగురినీ అడగాలి, పిల్లలూ.

పోస్టెల్ చీటీలో సెండ్ అని ఒక ఆజ్ఞ ఉండేది. ఉత్తరాన్ని పెట్టెలో వేయకుండా, అవతలి మనిషి ముందున్న తెర మీదే చూపించమని దానర్థం. దాన్ని అమలు చేసినవాళ్లు చాలా తక్కువ. కానీ చీటీలో ఉన్నంతకాలం కొత్తగా మెయిల్ సర్వర్, అంటే ఈ ఉత్తరాలు పంపి, అందుకునే ప్రోగ్రామ్ రాసేవాళ్లు దాన్నీ చదవాలి, పెట్టాలా వద్దా అని తల పట్టుకోవాలి. టర్న్ అని ఇంకోటి: "ఇప్పటిదాకా నేను పంపాను, ఇక నువ్వు పంపు" అనడం. అలా అడుగుతున్నదెవరో గట్టి రుజువు లేకపోతే ఎవడో ఒకడు వచ్చి ఇంకొకరి ఉత్తరాలు పట్టుకుపోవచ్చు. 2001లో, మళ్లీ 2008లో జాన్ క్లెన్‌సిన్ చీటీని తిరగరాసినప్పుడు ఇవి రెండూ వాడకూడనివాటిలో చేరాయి. 2011లో ఇంటర్నెట్ ప్రమాణాలు చూసే ఐఈటీఎఫ్ కూడా పూర్తి స్థాయి ప్రమాణానికి ఒక షరతు పెట్టింది: ఎవరూ వాడకపోయినా పనిని బాగా పెంచే అంశాలు అందులో ఉండకూడదు.

కొట్టేస్తే సరిపోదు, మిగిలింది స్పష్టంగా ఉండాలి. మా చీటీలో "నెయ్యి తగినంత" అని ఉండేది. దాంతో ఒక పెళ్లికి డబ్బాలకు డబ్బాలు దిగేవి, ఇంకో పెళ్లికి వడ్డన మధ్యలోనే అడుగంటేది. ఇంటర్నెట్ ప్రమాణాల్లో ఇలాంటి చిక్కునే 1997లో స్కాట్ బ్రాడ్నర్ అనే ఆయన తీర్చారు. మస్ట్ అంటే చేసి తీరాలి, షుడ్ అంటే గట్టి కారణం లేకపోతే చేయాలి, మే అంటే మీ ఇష్టం అని తేల్చి రాశారు. అయినా మామూలు వాక్యంలో వచ్చిన షుడ్ కూడా నియమమేనా అని అనుమానం మిగిలింది. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో (క్యాపిటల్స్‌లో) రాస్తేనే ఈ అర్థం అని 2017లో ఇంకో మాట చేర్చారు. ఇంత చిన్న విషయానికి ఇంత ఓపిక చూస్తే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మిగతాది మీరే చూడండి. ఇంటర్నెట్లో ఆర్‌ఎఫ్‌సీ 5321 అని వెతికితే 2008 నాటి చీటీ దొరుకుతుంది. చివర్లో ఎఫ్ అనే అనుబంధం ఉంది. పక్కన పెట్టినవి, ఎందుకు పెట్టారో, అన్నీ అక్కడున్నాయి. సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాయడం కూడా వాటిలో ఉంది. హెలో అనే పాత పలకరింపు దగ్గర కాస్త ఆగండి. అదీ ఆ వరుసలోనే ఉంది, కానీ సర్వర్లు దాన్ని ఇంకా ఒప్పుకోవాల్సిందే. ఎందుకు ఉంచారో ఇద్దరూ మాట్లాడుకుని నాకు రాయండి.

మీ తాతయ్య